నా చూపుడు వేలు, వైర్‌మన్ పర్మిట్

వైర్‌మన్ పరీక్షలో నేను ఫెయిలయింది చదువు రాక కాదు, పని రాక అసలే కాదు. నా కుడిచేతి చూపుడు వేలే నన్ను ఫెయిల్ చేసింది. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వనీ. ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. ఆ రోజు మాత్రం ఒంగోలు బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని, ఆ వేలిని కొరికి ఉమ్మేద్దామన్నంత కోపం వచ్చింది.

మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. మా నాయన మొదట్లో కూలి పనులకు పోయేవాడు. బోరు మోటార్లు బిగించే ఒకాయన వెంట నాలుగు రోజులు పలుగు మోసి, ఐదో రోజు నుంచి తనే కరెంటు పని మొదలుపెట్టాడని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మూడో తరగతితో బడికి దండం పెట్టిన మనిషి. అయినా చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చెయ్యి పడని ఇల్లు వెతుక్కోవాలి. నేను పదో తరగతి పాసై ఇంట్లో ఖాళీగా ఉన్న ఎండాకాలంలో, ఆయనకు పనిలో ఒక మనిషి తక్కువై నన్ను పిలిచాడు. గోడలో పూడ్చిన పైపుల్లోకి వైరు ఎక్కించాలంటే ఒక కొస నుంచి తోసేవాళ్లు ఒకరు, రెండో కొస నుంచి లాగేవాళ్లు ఒకరు ఉండాలి. నాయన తోసేవాడు, నేను లాగేదాన్ని. ఆ లాగుడు నాకు పిచ్చిగా నచ్చింది. చీకటి పైపులోంచి ఎర్ర వైరు మూతి బయటపెట్టిందంటే ఈనాటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. పెళ్లి ఊళ్లోనే అయింది. మా ఆయన రోజూ బస్సెక్కి మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి పోయి వస్తాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. నా లాగుడు మాత్రం ఆగలేదు.

జనం కంటికి మాత్రం నేను ఆనేదాన్ని కాదు. నిచ్చెన మీద నేనుంటే కింద నుంచి ఇంటాయన "మీ నాయన రాలేదా అమ్మాయ్?" అని అడిగేవాడు. "వచ్చినాడు పెదనాయనా, మీ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు" అనేదాన్ని. అప్పుడు ఆయన అరుగు దగ్గరికి పోయి, ఫ్యాను ఎక్కడ బిగించాలో నాయనకు చెప్పేవాడు. నాయన తలెత్తి నాకు చెప్పేవాడు. నాకూ ఆ ఇంటాయనకూ మధ్య నాలుగు గజాల దూరం ఉండదు. ఇట్లాంటివి తలుచుకుంటే నా నోరు ఊరికే ఉండదు గానీ, అసలు సంగతి ఇది కాదు.

అసలు సంగతి వేలు. మా నాయనకు టెస్టర్ మీద నమ్మకం లేదు. "టెస్టర్‌లో బల్బు పోయిందనుకో, కరెంటు ఉన్నా లేదంటది. తోలు అబద్ధం చెప్పదు పాపా" అనేవాడు. మెయిన్ స్విచ్ ఆపేశాక, వైరు కొసను చూపుడు వేలి వెనక వైపుతో చటుక్కున తాకి చూసేవాడు. వెనక వైపే ఎందుకంటే, కరెంటు తగిలితే చెయ్యి ముడుచుకుంటుంది. అరచెయ్యి పెట్టి ఉంటే ఆ ముడుచుకోవడంలో వైరునే బిగించి పట్టుకుంటుంది, ఇక వదలదు. వేలి వెనక తగిలితే ముడుచుకుని వైరుకు దూరంగా వచ్చేస్తుంది. మా వైపు పని నేర్చుకున్న పాతవాళ్లందరిదీ ఇదే పద్ధతి. మంచి పద్ధతి అని నేను చెప్పడం లేదు. చదివి ఎవరైనా చేయబోతే వాళ్ల ఖర్మ.

మొదట్లో నాయన ఒక్కడే తాకి చూసేవాడు, నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నాకు రెండో బిడ్డ పుట్టి మళ్లీ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక రోజు తను తాకి, పక్కకు జరిగి, "నువ్వు గూడా చూడు" అన్నాడు. నాకు ప్రమోషన్ వచ్చినట్టయింది. ఆ సాయంత్రం మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ఆయన తాకడం, "నువ్వు గూడా చూడు" అనడం, నేను తాకడం. అది ఎంత అలవాటయిందంటే, ఇంట్లో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టేముందు కూడా నా వేలు దానంతటదే లేచేది.

ఇక పర్మిట్ విషయం. చట్టం మాట సూటిగా ఉంటుంది. ఇంటికి కొత్త కరెంటు సర్వీసు కావాలంటే వైరింగ్ చేసినవాళ్లకు పర్మిట్ ఉండాలి, చేయించిన కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, పనంతా పరీక్షించి చూశామని కాగితం మీద సంతకం పడాలి. మాకు ఏ కాగితమూ లేదు. కాబట్టి మా వైపు ఒక ఆచారం పుట్టింది. లైసెన్సున్న ఒకాయన పక్క ఊళ్లో ఉండేవాడు. మేము పని పూర్తి చేసి కబురు పెడితే వచ్చి, స్కూటర్ దిగకుండానే, సీటు మీద కాగితం పెట్టి సంతకం చేసి సీలు గుద్దేవాడు. ఆయన్ను మేమంతా సీలు సారు అనేవాళ్లం. మంచివాడే, ఎవరినీ ఏడిపించలేదు. కానీ గోడలు కొట్టి, మట్టి మింగి, చేతులు పగిలింది మాకైతే, కాగితం మీద ఆ పని చేసింది ఎప్పుడూ ఆయనే. ఆయన కాగితం మడుస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నాయనకు ఎక్కేది కాదు. "వెలుగు ఎవరి పేరు అడుగుద్ది పాపా, వెలిగిందా లేదా?" అనేవాడు.

ఒక రోజు సీలు సారే ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కరెంటాఫీసు పనులన్నీ ఫోన్లలోకి ఎక్కాయనీ, పర్మిట్ ఉన్న మనిషి బోర్డు దగ్గర నిలబడి ఉన్న ఫోటో అడుగుతున్నారనీ చెప్పాడు. "నేను ఊరూరా నిచ్చెనలెక్కి నిలబడలేను. ఇక నా సంతకం అడగబాకండి. మీ ఇంట్లోనే ఎవరో ఒకళ్లు పర్మిట్ తెచ్చుకోండి" అన్నాడు. నాయన నవ్వి, "మూడో తరగతోణ్ణి నేనేం రాసేది సారూ?" అన్నాడు. సీలు సారు నా వైపు చూశాడు. "నిన్ను కాదు నేను చెప్పేది. ఆమెకు పది ఉంది గదా. నా దగ్గర పని చేసిందని అనుభవం కాగితం నేనిస్తా. పరీక్ష రాయమను" అన్నాడు.

ఆ మాట విన్నాక నా కాళ్లు నేల మీద ఆనలేదు. పర్మిట్ రాకపోతే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. నాయన ముప్పై ఏళ్ల పని ఆ రోజుతో మూతపడుతుంది, నేను మిరపకాయల కోతలకు పోవాలి. మా ఇంట్లో ఇక పని చేసుకునే దారి ఆ ఒక్క కార్డే. భయం వేయాలి కదా. నాకు భయం కంటే ముందు సంబరం వచ్చింది. నా పేరు మీద కాగితం అనుకుంటేనే నవ్వొచ్చేది, అన్నం తింటూ ఊరికే నవ్వుకునేదాన్ని. "ఏమే, పర్మిట్ రాకముందే షాక్ కొట్టిందా?" అని మా ఆయన ఆటపట్టించేవాడు.

నెట్ సెంటర్‌లో కూర్చుని దరఖాస్తు పెట్టాం. ఐటీఐ చదివినవాళ్లకు ఒక దారి, నాలాగా చేతి పని అనుభవంతో వచ్చేవాళ్లకు పరీక్ష దారి. రాత పరీక్ష, ఆ తర్వాత చేసి చూపించే పరీక్ష, ప్రశ్నలడగడం. పుస్తకం కొనుక్కున్నాను. ఆ పుస్తకం చదవడం నా జీవితంలో పెద్ద పండగ. ఇన్నేళ్లూ చేతులు చేసిన పనికి అందులో పేర్లున్నాయి, కారణాలున్నాయి. మా ప్రాంతంలో నేల రాయి, నీళ్లు తక్కువ, మట్టి ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది. అందుకని ఎర్తింగ్ గుంత ఎప్పుడూ పెరట్లో అంట్లు తోమే చోటు పక్కనే తవ్వుతాం. ఉప్పు, బొగ్గులు వేసి పూడుస్తాం. గిన్నెలు కడిగిన నీళ్లు ఆ గుంతను తడుపుతూ ఉండాలని నాయన చెప్పేవాడు. ఒక పేజీలో అచ్చం ఆ గుంత బొమ్మే ఉంది, ఉప్పు, బొగ్గు, పై నుంచి నీళ్లు పోసే గరాటుతో సహా. తడి ఉంటేనే కరెంటు సులువుగా భూమిలోకి దిగుతుందని కింద రాసి ఉంది. పుస్తకం పట్టుకుని నాయన దగ్గరికి పరిగెత్తాను. "మన పెరడును బొమ్మేసినారు చూడు నాయనా" అన్నాను. ఆయన చాలాసేపు చూసి, "గిన్నెలు తోమే మనిషిని వెయ్యలేదే" అన్నాడు.

మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పుస్తకం పట్టుకుని పంతులు అవతారం ఎత్తేవాడు. పిల్లలు కూడా చేరేవాళ్లు. ఫ్యూజు ఏ వైరులో పెట్టాలి, స్విచ్ ఏ వైరులో పెట్టాలి. "ఫేజులో" అని నాకంటే ముందు మా చిన్నది అరిచేది. ఆదివారం మా వాళ్లంతా ఉండే పాలెంలోని చర్చిలో పాస్టరయ్యగారు నా పరీక్ష కోసం ప్రార్థన చేయించారు. దాంతో నేను పరీక్ష రాస్తున్నట్టు తెలియనివాళ్లు ఊళ్లో ఎవరూ మిగలలేదు.

పొదిలి మీదుగా ఒంగోలు పోయే బస్సులో తెల్లారగానే ఎక్కాను. పరీక్షకు వచ్చినవాళ్లలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. గేటు దగ్గరాయన "పేపర్లు దిద్దే మేడమా?" అని లేచి నిలబడ్డాడు. హాల్ టికెట్ చూపిస్తే కూర్చున్నాడు. రాత పరీక్ష తడుముకోకుండా రాశాను. మధ్యాహ్నం చేసి చూపించమన్నారు. ఒక చెక్క బోర్డు మీద మెట్ల లైటు వైరింగ్ చేయాలి. కింద స్విచ్ వేస్తే వెలగాలి, పైన స్విచ్‌తో ఆరాలి. అది నాకు కళ్లకు గంత కట్టినా వచ్చు. అందరికంటే ముందు ముగించాను. పరీక్ష తీసుకునే సారు పెద్దవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. నా బోర్డును ముందుకూ వెనక్కూ చూసి తలాడించాడు. నా గుండె ఎగిరింది. తర్వాత పక్కనున్న ఇంకో బోర్డు చూపించి, "దీంట్లో లైటు వెలగడం లేదు. ఎందుకో కనిపెట్టమ్మా" అన్నాడు.

బల్ల మీద టెస్టర్ ఉంది. మీటరు ఉంది. చేతి తొడుగులున్నాయి. నేను మెయిన్ ఆపి, బల్బు హోల్డర్ విప్పి, వైరు కొసను చూపుడు వేలి వెనక వైపుతో చటుక్కున తాకాను.

చుట్టూ మాటలు ఆగిపోయాయి. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. సారు కోప్పడలేదు. నా పేపరు దగ్గరికి లాక్కుని ఏదో రాశాడు. "మెయిన్ ఆపినా గదా సార్" అన్నాను. "ఆపావమ్మా. ఆపిన మెయిన్ నిజంగా ఆగిందో లేదో చూడటానికి టెస్టర్ ఇచ్చాం. నువ్వు నీ ఒంటితో చూశావు" అన్నాడు. "నాకెప్పుడూ ఏం కాలేదు సార్." "కాని రోజు గురించి కాదు పర్మిట్ ఇచ్చేది. నీ వైరింగ్‌లో తప్పు లేదు. వేలు తప్పు. మళ్లీసారి రా." అంతే, నా పర్మిట్ ఆ టేబుల్ మీదే ఆగిపోయింది.

ఇంటికి వచ్చి, ఏదో చిన్న తప్పు జరిగిందని మాత్రం చెప్పాను. మా ఆయన వెంటనే, "మళ్లీసారి రాస్తావు గానీ ముందు అన్నం తిను" అన్నాడు. పక్కింటి అత్త వచ్చి, "పోనీలే అమ్మే, ఆడోళ్లకు ఆ కార్డులు ఎందుకు?" అంది. ఆ మాటకు నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "నీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది గదా అత్తా, అది తిప్పిన చేతులకు కార్డు గూడా కావాలి" అన్నాను.  నాలుగు రోజులు గడిచాక పొద్దున్నే నాయన మంచం మీద కూర్చుని టీ తాగుతూ నన్ను పిలిచాడు.

"ఏం తప్పు చేసినావో చెప్పలేదు పాపా."

"చెప్పినా గదా, చిన్న తప్పు."

"చిన్న తప్పుకు నువ్వు ఇంత కోపంగా ఉండవు."

చెప్పేశాను. వేలు ఎట్లా లేచిందో చూపించాను కూడా. ఆయన ముందు సారు మీద విసుక్కుంటాడనుకున్నాను. విసుక్కోలేదు. నా వేలి వైపు చూసి, "అది నేను నేర్పిందే గదా" అన్నాడు. తర్వాత చేతిలోని టీ గ్లాసును నాకిచ్చి, తన కుడిచేయి చాపాడు. "ఇట్ల నా వేలికి వెనక పెట్టు" అన్నాడు. గ్లాసు చురుక్కుమంటోంది, కొంగుతో పట్టుకున్నాను. ఆయన వేలి వెనక ఆనించాను. ఆయన చెయ్యి కదల్లేదు. కన్ను కూడా కదల్లేదు.

"కాలడంలేదా నాయనా?"

"నాకు తెలియడంలా."

షుగర్ వచ్చిన దగ్గర నుంచి వేళ్లకు స్పర్శ పోయిందట. ముందు తిమ్మిరి అనుకున్నాడట. ఒక ఇంట్లో మెయిన్ ఆపాననుకుని తాకితే ఏమీ తెలియలేదట. లైటు వెలుగుతుండటం చూసి కొయ్యబారిపోయాడట. రబ్బరు చెప్పులు, ఎండిన నేల, తోలు మొద్దుబారి ఉండటం, ఏది కాపాడిందో ఆ ప్రభువుకే తెలియాలి. ఆ తర్వాతి పని నుంచే నాకు "నువ్వు గూడా చూడు" అనడం మొదలుపెట్టాడు. నేను ప్రమోషన్ అని మురిసిపోయిన మాట అది. ఆయన వేలు చెప్పలేనిది నా వేలితో అడిగించుకున్నాడు.

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నాకేమన్నా అయి ఉంటే?" అని అడిగాను. "పని పోతదని భయం పాపా. చెబితే మీ అమ్మ మాన్పించేది. నువ్వు పక్కన ఉంటే ధైర్యంగా ఉండేది. తప్పే చేసినా" అన్నాడు. మా నాయన నోట తప్పు చేశానన్న మాట నేను వినడం అదే మొదలు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే ఒక కొత్త టెస్టర్ కొని తెచ్చి, పొయ్యి గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. టెస్టర్‌ను నమ్మని మనిషి దుకాణానికి పోయి నాలుగైదు వెలిగించి చూసి మరీ తెచ్చాడని మా ఆయన చెబితే, అప్పుడు నవ్వొచ్చింది.

ఇక మొదలైంది నా వేలితో యుద్ధం. టెస్టర్ కొనడం తేలిక, అలవాటు మానడం తేలిక కాదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని మా అమ్మ అననే అంది. మా ఆయన వెదురు బద్ద చీల్చి, నా చూపుడు వేలికి ఆనించి, గుడ్డతో కట్టు కట్టాడు. వేలు వంగదు, కొస కనపడదు. ఆ కట్టుతోనే పనికి పోయేదాన్ని. సీలు సారు పెద్ద మనసు చేసుకుని, అప్పటికే మొదలుపెట్టిన ఇళ్లకు తనే వచ్చి నిలబడతానన్నాడు కాబట్టి చేతిలో ఇంకా పని ఉంది. దారిలో ఎదురైన ప్రతివాళ్లూ "వేలికి ఏమైందమ్మే?" అనేవాళ్లు. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. చివరికి పాస్టరయ్యగారికి తెలిసి, ఆదివారం ప్రార్థనలో "ఈ బిడ్డ వేలిని కూడా కాపాడు ప్రభువా" అన్నారు. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు, వాళ్ల వెనక నేను కూడా.

అందరికంటే కఠినంగా ఉన్నది నాయన. పని దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. పక్కన ఖాళీ పాలపొడి డబ్బా, ఒళ్లో మా ఆయన తెచ్చిన పలక ముక్కలు. నా వేలు వైరు వైపు లేచినప్పుడల్లా ఒక ముక్క డబ్బాలో వేసేవాడు. టంగుమని మోగేది. మొదటి రోజు ఆ డబ్బా మోత విని ఇంటామె, "లోపల పాత్రలు కడుగుతున్నారా?" అని అడిగింది. రెండో వారానికి మోత తగ్గింది. కట్టు విప్పిన రోజు మళ్లీ పెరిగింది, నాకు దుఃఖం వచ్చింది. తర్వాత మళ్లీ తగ్గింది. ఒక రోజు ఒక ఇల్లంతా, పొద్దున్నించి పొద్దుగూకేదాకా, డబ్బా మోగలేదు. నాయన డబ్బాను బోర్లించి చూపించాడు. ఇద్దరం పిచ్చివాళ్లలాగా నవ్వాం. బస్సులోంచి దిగుతున్న మా ఆయనకు ఆ ఖాళీ డబ్బాను దూరం నుంచే ఊపి చూపించాను.

రెండోసారి ఒంగోలుకు పోయినప్పుడు గేటాయన లేచి నిలబడలేదు. "వచ్చినావా అక్కా" అన్నాడు. అదే సారు, అదే బల్ల. ఈసారి చేసి చూపించే పనిలో లోడెక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్‌ల పెట్టె, ఎంసీబీ పెట్టె, బిగించమని ఇచ్చారు. ఆ పని అయ్యాక పక్క బోర్డులో తప్పు వెతకమన్నారు. సారు చేతులు కట్టుకుని నా చేతినే చూస్తున్నాడు.  టెస్టర్ తీసుకున్నాను. ముందు గోడకున్న కరెంటు సాకెట్‌లో పెట్టి వెలిగిందని చూశాను. బోర్డు మెయిన్ ఆపి, స్విచ్ దగ్గర వైరు కొస మీద పెట్టాను, వెలగలేదు. మళ్లీ సాకెట్‌లో పెట్టాను, వెలిగింది. అప్పుడు హోల్డర్ విప్పాను. లోపల న్యూట్రల్ వైరు వదులై ఊడి ఉంది.

"చివర మళ్లీ సాకెట్‌లో ఎందుకు పెట్టావు?" అని అడిగాడు సారు.

"మధ్యలో టెస్టర్ చెడిపోయి ఉంటే, లేదని అబద్ధం చెప్పి ఉండొచ్చు సార్. అది పనిచేస్తుందని తేలితేనే దాని మాట నమ్మాల."

సారు నవ్వలేదు గానీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకా చాలా అడిగాడు. మనిషిని కరెంటు పట్టుకుంటే ముందు ఏం చేస్తావన్నాడు. మనిషిని ముట్టుకోకుండా మెయిన్ ఆపుతానన్నాను. మెయిన్ దూరంగా ఉంటే అన్నాడు. ఎండు కర్రతో వైరును తప్పిస్తానన్నాను. చివరికి, "పని ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు. "మా నాయన" అన్నాను. "ఆ వేలు కూడానా?" అన్నాడు. "అది నేర్పిందీ ఆయనే, మాన్పించిందీ ఆయనే సార్" అన్నాను. 

పర్మిట్ వచ్చింది. నా ఫోటోలో నేను కొట్లాటకు పోతున్నట్టున్నాను, ఫర్వాలేదు. పాలెం అంతా తిప్పి చూపించాను. పక్కింటి అత్త కార్డును తిరగేసి మరగేసి, "ఇక మా ఫ్యానుకు చప్పుడొస్తే నిన్ను ఏమని పిలవాలమ్మే, సారమ్మా?" అంది. సీలు సారు తన లైసెన్సు కింద నన్ను పర్మిట్ మనిషిగా రాసుకుని, "ఇక బోర్డు దగ్గర నిలబడేది నువ్వే" అన్నాడు. వారం తిరగకముందే ఒక మేస్త్రి ఫోన్ చేశాడు. పని అయిపోయింది, నువ్వు రానక్కర్లేదు, సంతకం పెట్టి పంపిస్తే చాలన్నాడు. నేను చూడని ఇంటికి సంతకం పెట్టనన్నాను. "మీ వాళ్లంతా పెడతారు గదా" అన్నాడు. "పెట్టినన్నాళ్లు పెట్టినారు, నేను పెట్టను" అని ఫోన్ పెట్టేశాను.  హాయిగా అనిపించింది.

నా పేరు మీద మొదటి ఇల్లు మా చిన్నమ్మది, మా పాలెంలోనే, పాత ఇంటికి కొత్త వైరింగ్. నాయన కుర్చీలో కూర్చోనన్నాడు. నాకు సాయంగా వస్తానన్నాడు. నిచ్చెన ఎక్కొద్దని ఒప్పించి, కింద బోర్డు దగ్గర నిలబెట్టాను. వైరు కొసలు మెలిపెట్టి స్క్రూ బిగించడం ఆయన వంతు. సర్వీసు వైరు బయట స్తంభం నుంచి వచ్చి ఉంది, మెయిన్ ఆపి ఉంది. బోర్డు ముందు ఇద్దరం నిలబడ్డాం. ఇన్నేళ్లుగా ఆయన ముందు తాకే చోటు అది. ఆయన చెయ్యి లేవలేదు. నా వైపు చూశాడు.

నేను టెస్టర్‌ను మెయిన్‌కు పైన, వెలిగే చోట చూశాను, వైరు మీద చూశాను, మళ్లీ వెలిగే చోట చూశాను.

"కరెంటు లేదు నాయనా."

"నువ్వు చూసినావా?"

"చూసినాను."

 నాయన కుడి అరచెయ్యి పూర్తిగా తెరిచి, ఆ వైరును పిడికిట బిగించి పట్టుకున్నాడు.